ఫ్రిజ్‌లో షాజీరా

మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి మా ఆయన ఆమెను పొలంలో కాలు పెట్టనివ్వడం లేదు. మొయినాబాద్ దగ్గర మా పొలం ఇంటి వెనకే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కూరగాయలు పండించిన మనిషి, అరుగు మీద కూర్చుని కూలీలు కోసే కొత్తిమీర వాసన పీల్చడమంటే మాటలా! "ఇగ నేనెందుకు, దండుగ" అని రోజూ గొణుగుడే. నాకు ఒళ్లు మండేది, ఆమె మీద కాదు, మా ఆయన మీద.

కాలు కుదురుకున్నాక ఊరి ఆడవాళ్లతో కలిసి హిమాలయాల యాత్రకు వెళ్లింది. అందరూ రుద్రాక్షలు తెచ్చుకుంటే ఈమె కొంగున గుప్పెడు షాజీరా కట్టుకొచ్చింది. బగారా అన్నంలో వేసే షాజీరానే, కానీ కొట్లోది కాదు. కొండ మీద దానంతటదే మొలిచినదాన్ని అక్కడి ఒకావిడ ఏరి ఇచ్చిందట. మంచు కింద పడుకుంటే తప్ప మొలవదని కూడా చెప్పిందట.

"మన దిక్కు మంచు యాడ తెస్తవే అవ్వా?" అని మా ఆయన నవ్వాడు.

"ఫ్రిజ్ ఎందుకున్నదిరా?" అంది అత్తమ్మ.

ఇక చూడండి నా అవస్థ! తడిగుడ్డలో కట్టిన విత్తనాల గిన్నె పెరుగు పక్కన చేరింది. పాలు తీయబోతే "జర పైలం!" అని కేక. దోశపిండి పెట్టబోతే మళ్లీ కేక. చలికాలం మొదలయ్యాక వాటిని తీసి కుండీలో చల్లింది. ఎన్నాళ్లు చూసినా మట్టి మట్టిలాగే ఉంది. "నా చేతిల సత్తువ పోయింది బిడ్డా" అంటూ కుండీ ముందే కూర్చునేది.

అంతలో ఒక పొద్దున కుండీ నిండా మొలకలు! అత్తమ్మ వాడవాళ్లందరినీ పిలిచి చూపింది. నేను చక్కెర పంచాను. ఆకులు కాస్త ఎదిగాక ఒకటి తుంపి, నలిపి వాసన చూసింది. మొహం మాడిపోయింది.

"గిది గాజర్," అంది.

ఏళ్ల తరబడి క్యారెట్ పండించిన ముక్కు మోసపోతుందా? మా ఆయన అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఆగురా! నువ్వేనా ఏసింది?"

"నువ్వు ఫికర్ జేస్తున్నవని ఏసిననే..."

"నా ఇత్తనం మొలవకుంటె పాయె. నన్ను చిన్నపిల్లను జేసి ఆడిస్తవా? హిమాలయాలకు పోయొచ్చిన మనిషిని మడిలకు పోనియ్యవా? నాకు రెండు మళ్లు ఇయ్యి. పీటేసుకొని కూసోని చేస్త."

మా ఆయన దిక్కుతోచక నా వైపు చూశాడు.

"నన్నేం జూస్తున్నవ్? ఇయ్యరాదా!" అన్నాను.

మరునాడే ఇంటి దగ్గరి రెండు మళ్లు ఆమెవయ్యాయి. కొత్తిమీర, సోయకూర వేసింది. పీట జరుపుకుంటూ కలుపు తీయడం, కూలీల మీద కేకలేయడం. పాత అత్తమ్మ తిరిగొచ్చింది. నా చెవులకు తిప్పలే గానీ, ఎంత సంతోషమో నాకు!

చలి బాగా ముదిరాక, క్యారెట్ మొక్కలు పీకేసిన ఆ కుండీలో దారప్పోగంత మొలక ఒకటి కనిపించింది. వెంటనే మా ఆయనను నిలదీశాను. "నీ మీదొట్టు, నేను కాదే!" అన్నాడు. సాయంత్రం మట్టి చేతులతో వచ్చిన అత్తమ్మను కుండీ దగ్గరికి లాక్కెళ్లాను. వంగి చాలాసేపు చూసింది.

"నలిపి చూడు అత్తమ్మా, షాజీరానో గాజరో తెలుస్తది."

"ఒక్కటే ఉన్నది. నలిపితె ఏం మిగుల్తది? ఉండనియ్యి," అంది. "జల్ది బువ్వ పెట్టు బిడ్డా. పొద్దుగాల నా కొత్తిమీర చేవెళ్ల మార్కెట్‌కు పోవాలె."