ఇద్దరికీ ఒకే తాళం

నా తమ్ముడికీ నా మొగుడికీ ఒక్క తాళం చాలని వాళ్ళిద్దరూ ఎప్పుడు నిర్ణయించుకున్నారో నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజే ఇద్దరినీ దులిపేసేదాన్ని. యాభై దాటాక చర్చి పంతులమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని కాబట్టి, ఇది ఇన్నేళ్ళకు రాస్తున్నాను.

దేశ రాజధానిలో, ఓఖ్లాలో బిస్కెట్ల ఫ్యాక్టరీ. వాళ్ళిద్దరూ అక్కడ ఫిట్టర్లు. నాది ఊడ్చే పని. పిండి కలిపే మిక్సరు మేముండే గదంత ఉండేది. లోపల మనిషి తొడంత లావు ఇనుప రెక్కలు. ఏడాదికోసారి ఫ్యాక్టరీ ఆపి దాన్ని బాగుచేసేవారు. పనికి దిగే ప్రతి మనిషీ కరెంటు స్విచ్చుకు తన తాళం తానే వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలని రూలు. తాళం ఉన్నంతసేపూ మిషను తిరగదు. తాళాలన్నీ తీసేశారంటే లోపల ఎవరూ లేరని లెక్క.

మా ముగ్గురిదీ ఒకటే గది, ఒకటే పొయ్యి. సైకిలు ఒకటే, సబ్బు ఒకటే. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా కూడా మగాళ్ళిద్దరికీ ఒకటే, ఎవరు ముందు లేస్తే వాళ్ళది. తాళమూ అలాగే అయింది. బావ వేస్తే బామ్మర్ది వెయ్యడు, బామ్మర్ది వేస్తే బావ వెయ్యడు.

ఆ ఏడాది బాగుచేసే వారం మిషన్లు విప్పి ఉన్నాయని నన్ను పనికి రావద్దన్నారు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని బయల్దేరాను. మెట్రో కోసం రోడ్డంతా తవ్వేశారు, బస్సు కదలదు. భోజనాల వేళ దాటిపోయాక చేరాను.

నేను వెళ్ళేసరికి తమ్ముడు వెనకవైపు మోటారు పని ముగించుకుని వచ్చాడు. స్విచ్చుకున్న ఆ ఒక్క తాళం తీసి జేబులో వేసుకున్నాడు. సూపర్‌వైజరు మిషను ఒకసారి తిప్పి చూద్దామని స్విచ్చు బోర్డు దగ్గర నిలబడి, అందరూ వచ్చేసినట్టేనా అన్నట్టు, "సబ్ బాహర్?" అని అరిచాడు. మిక్సరులోకి తొంగి చూడనైనా లేదు.

"హాఁ జీ, చలా దో," అని మిషను తిప్పెయ్యమన్నాడు మావాడు.

"మీ బావేడ్రా?" అన్నాను.

"తిండికెళ్ళుంటాడక్కా. నీకోసం పొద్దుగూకేదాకా కూర్చుంటాడా ఏంటి?"

"ఏం తింటాడ్రా? అన్నం నా చేతిలో ఉంటే!"

వాడు గిరుక్కున మిక్సరు వైపు తిరిగాడు. సూపర్‌వైజరు చెయ్యి బటన్ మీదికి పోతోంది. నాకు హిందీ పోయింది, తెలుగూ పోయింది. క్యారేజీ ఎత్తి విసిరేశాను. అతని భుజానికి తగిలి, పప్పుచారు చొక్కా మీద ఒలికింది.

"పాగల్ హో క్యా, అమ్మా!" అని ఇటు తిరిగాడు.

అప్పుడు మిక్సరు లోంచి, డబ్బాలోంచి మాట్లాడినట్టు వినపడింది. "ఏంట్రా ఆ గోల? ఆ పెద్ద పానా ఇటివ్వు."

సూపర్‌వైజరు బటన్ నొక్కబోయిన చేతిని రెండో చేత్తో పట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు.

మా ఆయన బయటికొచ్చాడు. నేలమీద అన్నం చూసి, "ఏమే, నా కూడు నేలపాలు చేశావా?" అన్నాడు. సంగతి చెబితే వెనక్కి తిరిగి మిక్సరులోకి తొంగి ఆ రెక్కలను చూశాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున చూద్దును కదా, మళ్ళీ ఒక్క తాళంతో బయల్దేరుతున్నారు.

"రెండోది ఏదండీ?"

"ఊరుకోవే. ఇప్పుడు నేను వేరే తాళం పెడితే, వాడి మీద నమ్మకం లేదన్నట్టు ఉండదూ? అసలే రాత్రంతా నిద్రపోలేదు వాడు."

నిర్ఘాంతపోయాను. నిన్న ముక్కలు ముక్కలు కావాల్సిన మనిషి, బామ్మర్ది చిన్నబుచ్చుకుంటాడని మళ్ళీ అదే మిక్సరులోకి అలాగే దిగుతానంటున్నాడు! తాగుబోతులు కారు, తెలివితక్కువ వాళ్ళూ కారు. ఒకడి మీద ఒకడికి ప్రాణం. ఆ ప్రేమను చూస్తే నిన్నటి బటన్ కన్నా ఎక్కువ భయమేసింది.

చెప్పులేసుకుని వాళ్ళ వెంటే వెళ్ళాను. నన్ను చూసి సూపర్‌వైజరు వెనక్కి జరిగాడు, ఈసారి చేతిలో ఏముందోనని. "భయ్యా, ఔర్ ఏక్ తాలా దో," అన్నాను. ఇచ్చాడు. ఆ రెండో తాళం మొగుడి చేతిలో పెట్టి, "వెయ్యండి. వాడు అలిగితే అలగనివ్వండి," అన్నాను. వేశాడు, తమ్ముడి వైపు చూడకుండా.

తమ్ముడు నిజంగానే అలిగాడు. మునిర్కాలో మా ఊరివాళ్ళ గదికి వెళ్ళిపోయి కొన్నాళ్ళు రాలేదు. "నన్ను పరాయివాణ్ణి చేశావక్కా," అన్నాడు.

చేశాను. మళ్ళీ అవసరమైతే మళ్ళీ చేస్తాను.