బైపీసీ అడిగి ఎంపీసీ తెచ్చుకున్న వైనం

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు పదో తరగతి మార్కుల కాగితమూ కాలేజీ దరఖాస్తూ పట్టుకుని తణుకు నుంచి నా దగ్గరికి వచ్చింది. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో తేలలేదట. ఇప్పుడు లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ కలిపి చదివే వీలుందనీ, సంస్కృతం పెట్టుకుంటే మార్కులు బాగా వస్తాయనీ, ఫలానా పరీక్ష రాయాలంటే ఫలానా సబ్జెక్టు ఉండి తీరాలనీ ఫోనులో చూసి గడగడా చదివింది. "నువ్వు చెబితే నాన్న వింటాడత్తా. నీకేం కావాలని మాత్రం అడక్కు, అది నాకే తెలీదు," అంది. దాని మాటకి నాకు నా సంగతి గుర్తొచ్చింది. ఆ వయసులో నాకేం కావాలో నాకు శుభ్రంగా తెలుసు. తెలిసుండి కూడా ఇంకోటి అడిగిన ఘనురాలిని.

మాది స్టీలు సామాన్ల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. నాకు మాటలు వచ్చింది ఆ తెర వెనక నుంచి బేరాలు వింటూనే. నాన్నగారిది ఒకటే నియమం, మొదటి మాటకి ఒప్పుకోకూడదు. అడిగిన ధర తనకి గిట్టుబాటైనా సరే, గిన్నె వెనక్కి తీసుకుని, తుడిచి, ఒక నిట్టూర్పు విడిచి, మరో రెండు మాటలు సాగదీసి గాని ఇచ్చేవారు కాదు. "మొదటి మాటకే ఇచ్చేస్తే ఇంకాస్త తగ్గించి అడగాల్సిందని ఆవిడకి ఇంటికెళ్ళేదాకా మనసు పీకుతుందమ్మా. ఈ సాగదీతంతా ఆవిడ సుఖం కోసమే," అనేవారు. నేను నమ్మాను. కూరగాయలావిడతోనే కాదు, స్నేహితురాళ్ళ దగ్గర రేగిపళ్ళకి కూడా బేరమాడేదాన్ని. నన్ను చూస్తే వాళ్ళు రేగిపళ్ళు దాచుకునేవారు.

నాకు లెక్కలంటే ప్రాణం. ఎంపీసీ చదవాలని ఉండేది. మా ఊరి ఆడపిల్లల కాలేజీలో ఆ గ్రూపు లేదు; ఊరికి అవతల, మగపిల్లలు కూడా చదివే కాలేజీలో ఉంది. నాన్నగారేమో సీఈసీ అయితే ఇంటి పక్కనే, పైగా కామర్స్ కొట్టుకి పనికొస్తుందని అప్పటికే నలుగురితో అని ఉన్నారు. సూటిగా అడిగితే దక్కదు. అందుకని పెద్ద ధర చెప్పి కిందికి దిగుదామనుకున్నాను. రాజమండ్రిలో హాస్టలు, బైపీసీ, ఆపైన డాక్టరు చదువు అంటాను. ఆయన గుండె పట్టుకుంటారు. అప్పుడు నేను కళ్ళు తుడుచుకుంటూ, సరే పోనీ, ఊళ్ళోనే ఎంపీసీ అంటాను. నిట్టూర్పు దగ్గర్నుంచి అన్నీ సాధన చేసుకున్నాను.

కొట్టులో జనం లేని వేళ చూసి అడిగాను. నాన్నగారు బిందె తుడుస్తున్నవారు తుడుస్తున్నట్టే, "సరేనమ్మా," అన్నారు.

అంతే. నిట్టూర్పు లేదు, సాగదీత లేదు. మొదటి మాటకి ఇచ్చేస్తే మనసు ఎలా పీకుతుందో ఆ వారమంతా అనుభవించాను. ఈలోగా ట్రంకు పెట్టె వచ్చింది. వీధి వీధంతా నన్ను "డాక్టరమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. ఎదురింటి మామ్మగారైతే మోకాలు కూడా చూపించారు. కప్పని చూస్తే గడప దాటని నేను కప్పల్ని కోయడానికి రాజమండ్రి బస్సెక్కాను. రావులపాలెంలో బస్సాగితే గెల నుంచి కోసిన ఒక్క అత్తం అరటిపళ్ళ దగ్గర నాన్నగారు బస్సు కదిలేదాకా బేరమాడారు. అరటిపళ్ళకి ఉన్నపాటి విలువ నా చదువుకి లేకపోయిందే అనిపించింది.

కాలేజీ కిటికీ దగ్గర గుమాస్తాగారు దరఖాస్తులో అన్నీ నింపి, "గ్రూపేంటమ్మా?" అన్నారు.

"బైపీసీ అండి," అన్నారు నాన్నగారు.

"ఎంపీసీ అండి," అన్నాను నేను.

"ఏంటండీ ఇది, ఇంట్లో తేల్చుకు రావాలి గాని. వెనకాల లైనుంది, అలా పక్కకెళ్ళి మాట్లాడుకోండి."

వరండాలో నిలబడి అంతా చెప్పేశాను, దొంగ ఏడుపు సాధన చేసిన సంగతితో సహా. ఈసారి ఏడుపు నిజంగానే వచ్చింది.

"నాతోనా బేరం?" అన్నారు నాన్నగారు. "కొట్టుకొచ్చే వాళ్ళు కూడా కావలసిన గిన్నెనే వేలెట్టి చూపిస్తారు కదే."

"మరి మీరు ఒక్కమాటైనా కాదనలేదేం?"

"ఎలా అంటాను? పుట్టి బుద్ధెరిగాక నన్ను నువ్వు అడిగిన మొదటి కోరిక అది. అడిగేటప్పుడు నీ చేతులు వణుకుతున్నాయి కూడా."

"అయితే ఊళ్ళోనే ఎంపీసీ అని అడిగుంటే ఇచ్చేవారా?"

ఆయన నిజాయితీగా ఆలోచించారు. "లేదు. చేతులు వణక్కపోతే సీఈసీ దగ్గరే తెగ్గొట్టేవాణ్ణి," అన్నారు. తరవాత నా చెయ్యి పట్టుకుని మళ్ళీ లైను చివరికి నడిచారు. ఊరికి తిరిగెళ్ళిపోదామా అంటే, "ట్రంకు పెట్టె కొన్నాక హాస్టలు తప్పదు. ఎంపీసీ ఇక్కడే చదువు," అన్నారు. అలా నేను అడగడానికి ధైర్యం చాలని చదువు, వెళ్ళే ఉద్దేశమే లేని ఊళ్ళో దొరికింది. మామ్మగారు మాత్రం ఆ మోకాలి విషయంలో తాను పోయేదాకా నన్ను క్షమించలేదు.

ఇదంతా విని మా మేనకోడలు, "అయితే నాన్నని ఏమడగాలత్తా?" అంది. ముందు నీకేం కావాలో తేల్చుకో, తేలాక అదే అడుగు అన్నాను. ఇంత మంచి సలహా ఉత్తినే ఇచ్చేయడం నా జన్మలో ఇదే మొదలు.

దాని దరఖాస్తు ఇంకా నా బల్ల మీదే ఉంది. గ్రూపు పేరు రాయడానికి వదిలిన గడి ఇప్పటికీ బొటనవేలంతే ఉంది. పిల్లలకి లెక్కలు చెప్పుకుని బతికినదాన్నే అయినా, అంత చిన్న గడిలో నా ముప్పై అయిదేళ్ళు ఎలా పట్టాయో నాకు అంతుపట్టదు.