ఫాదర్ లేవకముందే ఎత్తుకున్న పాట

ఆ రోజుల్లో మొబైలు ఫోను జేబులో ఉంటే చాలు, మనిషి రెండంగుళాలు ఎత్తు పెరిగినట్టు కనిపించేవాడు. మాదాపూర్ దిక్కున అద్దాల మేడలు లేస్తుంటే, వాటిలో పనిచేసేవాళ్ళు ఇళ్ళ స్థలాలు వెతుక్కుంటూ మా మొయినాబాద్ దాకా వచ్చేవారు. నేను చేవెళ్ల నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపే కొత్త విలేకరిని. వారమంతా రోడ్డు ప్రమాదాలు, ఎండిన బోర్లు, మండల సమావేశాలు. ఆదివారం మాత్రం మొయినాబాద్ చర్చిలో కీబోర్డు వాయించేవాణ్ణి. నిజానికి నాకు తెల్లమెట్ల మీద తప్ప వాయించడం రాదు. పాట ఏ శ్రుతిలో ఉన్నా ఒక బటన్ నొక్కి దాన్ని నా తెల్లమెట్ల దగ్గరికే రప్పించుకునేవాణ్ణి. (కాయిర్‌లో, అంటే మా పాటల బృందంలో, నన్ను 'తెల్లమెట్ల సారు' అని పిలిచేవారు. గౌరవంతో కాదు.)

మా కాయిర్ అంటే నిజానికి రెండు కాయిర్లు. ఒక పక్క సురంగల్, చిన్న మంగళారం నుంచి వచ్చే ఆడవాళ్ళు. వాళ్ళకు పెద్ద సురంగల్ అవ్వ. ఆమె పుస్తకం చూడదు, కళ్ళు మూసుకుని పాడుతుంది, మొదలుపెట్టిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ఇంకో పక్క కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగస్తుల కుటుంబాలు. వాళ్ళకు పెద్ద ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పాటల సాధనను కూడా ఆఫీసు పనిలా నడిపేవాడు కాబట్టి ఆయనకు ప్రాజెక్టు అన్న అని పేరు. కీబోర్డు మోగినంతసేపూ ఇద్దరిదీ ఒకే శ్రుతి. అది ఆగితే ఎవరి జిల్లా వాళ్ళదే.

అది ఆగే రోజు ఏడాదికొకటి ఉంది. మా క్యాథలిక్ ఆచారం ప్రకారం పవిత్ర గురువారం సాయంత్రం మహిమ గీతం అయ్యాక గంటలూ వాద్యాలూ మూగబోతాయి. మళ్ళీ ఈస్టర్ పూజలోనే మోగుతాయి. గుడ్‌ఫ్రైడే నాడు ఉత్త గొంతులే. క్రితం ఏడాది ఆ రోజు జనం సిలువను ముద్దుపెట్టుకునేటప్పుడు పాడే పాటను ఒక పక్షం పైన, ఒక పక్షం కింద ఎత్తుకుని, చివరిదాకా ఎవరూ తగ్గలేదు. (ముద్దులు ఎన్నడూ లేనంత తొందరగా ముగిశాయి.) అందుకే ఈసారి ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్కాలం మొదట్లోనే ఫాదర్ మమ్మల్ని పిలిచారు. వరంగల్ దిక్కు మనిషి, గొంతు పెంచరు.

"ఈసారి గూడ గట్లనే అయితే ఈస్టర్ నుంచి సీడీ పెడ్త. సీడీకి అలకలుండవు. మీరందరు బెంచీలల్ల సల్లగ కూసోండ్రి."

నవ్వుతూనే అన్నారు. ఆయన నవ్వుతూ అన్నవే జరుగుతాయని మాకు తెలుసు. బయటికి వచ్చాక సురంగల్ అవ్వ నా పక్కన కూలబడింది. "కొడుకా, వారమంత కూరగాయల తోటల వంగి పనిజేస్త. ఆదివారం ఒక్క గంట నిటారుగ నిలబడి పాడుత. గదిగూడ డబ్బాకిస్తె నేనేం జెయ్యాలె?"

నాకూ వారంలో ఉన్నది ఆ గంటే. మళ్ళీ లోపలికి వెళ్ళి, "శ్రుతి కోసం ఒక్క మెట్టు నొక్కి ఇడిసిపెడ్త ఫాదర్" అన్నాను. "ఒక్క మెట్టు వాద్యం గాదా?" అన్నారాయన.

దారి ప్రాజెక్టు అన్నే కనిపెట్టాడు. "మొబైలు వాద్యం కాదుగా తమ్ముడూ, టెలిఫోనేగా! ఐదో నంబరు నొక్కితే చిన్న కూత వస్తుంది. అదే మన శ్రుతి."

"నడుమల ఎవరన్న ఫోన్ జేస్తే?"

"సిమ్ తీసేస్తాగా. నువ్వన్నీ అపశకునాలే పలుకుతావేంటయ్యా!"

ఇక రోజూ సాధన. కూత, మనసులో మూడు లెక్క, పాట. మళ్ళీ కూత, మూడు లెక్క, పాట. చివరికి ఎవరి ఫోను కుయ్‌మన్నా మా వాళ్ళు గుండెల నిండా ఊపిరి పీల్చుకునే స్థితికి వచ్చారు. అది చూసి అన్న మురిసిపోయాడు, నాకు నిద్ర పట్టలేదు. గుడ్‌ఫ్రైడే ఉపవాసం ఆ ఏడు కష్టమే అనిపించలేదు. భయానికి ఎలాగూ ముద్ద దిగేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం చర్చి కిక్కిరిసిపోయింది. అన్న సిమ్ తీసేసి ఫోను నా చేతిలో పెట్టాడు. "పొద్దున్నుంచీ ఆఫీసువాళ్ళు చెవి వదల్లేదు తమ్ముడూ" అన్నాడు. ఆ మాటలోని ప్రమాదం నాకు అప్పుడు తట్టలేదు. ఆ రోజు ప్రవేశ గీతం ఉండదు. ఫాదర్ మౌనంగా నడిచివచ్చి, పీఠం ముందు నేల మీద సాష్టాంగపడతారు, జనమంతా మోకరిస్తారు. ఏడాది మొత్తంలో మా చర్చిలో అంత నిశ్శబ్దం ఇంకెప్పుడూ ఉండదు. రోడ్డు మీద లారీ గేరు మార్చినా వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దంలో, నా చేతిలో, నేను ఏ నంబరూ నొక్కకుండానే ఫోను కుయ్‌మంది. బ్యాటరీ అయిపోవచ్చిందట!

నేను లెక్కపెట్టలేదు. వాళ్ళు పెట్టారు. ఎప్పుడో గంట తర్వాత పాడాల్సిన సిలువ పాట అందరి గొంతుల్లోంచీ ఒక్కసారిగా లేచింది. పాట వినబడితే నిలబడటం అలవాటైన జనం కూడా లేచి నిలబడ్డారు. నేల మీద ఫాదర్ ఒక్కరే మిగిలారు. ఆపమని రెండు చేతులూ ఊపాను. గట్టిగా పాడమంటున్నాననుకుని మగవాళ్ళు గొంతు పెంచారు. ప్రాజెక్టు అన్న ముఖం పాలిపోయింది, నోరు మాత్రం పాడుతూనే ఉంది. "అవ్వ, ఆపు, ఆపు" అని కొంగు పట్టి లాగాను. కళ్ళు తెరవకుండానే నా చేతి మీద ఒకటి వేసింది. మధ్యలో ఆపితే పెద్ద తప్పా, పూర్తిచేస్తే పెద్ద తప్పా? సీడీ పెట్టె కళ్ళ ముందు కనబడింది. అంత గాభరాలోనూ చెవులు ఒక సంగతి పట్టుకున్నాయి. రెండు పక్షాలదీ ఒకే శ్రుతి! బ్యాటరీ కూత ఐదో నంబరు కన్నా కాస్త కిందికి ఉంది. అందరి గొంతులకూ అదే అమిరింది.

ఫాదర్ చివరి చరణం దాకా కదల్లేదు. తర్వాత లేచి, ఎవరివైపూ చూడకుండా ప్రార్థన మొదలుపెట్టారు. అసలు గండం ఇంకా ముందుంది. పఠనాలు, సువార్త, విన్నపాలు ఏవీ నా తలకెక్కలేదు. సిలువను తీసుకొచ్చారు, జనం వరుస కట్టారు. ఐదో నంబరు నొక్కాను. ఫోను ఎప్పుడో చచ్చిపోయింది. రెండు పక్షాలూ నావైపే చూస్తున్నాయి.

"ఎత్తు కొడుకా" అంది అవ్వ మెల్లగా.

వేళ్ళ కింద మెట్లు లేకుండా నేను పుట్టి బుద్ధెరిగి పాట ఎత్తలేదు. నోరు తెరిస్తే తప్పిపోయిన మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. అయితే గంట క్రితం విన్న శ్రుతి ఇంకా చెవుల్లోనే ఉంది. మేకపిల్ల దాని మీదే నిలబడింది. రెండో మాటకే అవ్వ అందుకుంది, మూడో మాటకు ప్రాజెక్టు అన్న. చివరి మనిషి సిలువను ముద్దుపెట్టుకునేదాకా తిరిగి తిరిగి అదే పాట. ఎవరూ పైకి పోలేదు, ఎవరూ కిందికి జారలేదు.

అంతా అయ్యాక ఫాదర్ మమ్మల్ని పక్కకు పిలిచారు. "నేను సాష్టాంగపడ్డప్పుడు జోలపాట ఎవరు పాడుమన్నరయ్యా?"

"బ్యాటరీ ఫాదర్..." అన్నాడు ప్రాజెక్టు అన్న.

"బ్యాటరీ ఏంది?"

ఇద్దరం ఒకరి మాట మీద ఒకరం పడుతూ మొత్తం చెప్పాం. ఆయన తల వంచుకుని నేలను చూశారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. (ఆ రోజు నవ్వకూడదు కదా.) "ఈస్టర్‌కు జర తొందరగ రండ్రి. సీడీ గీడీ వద్దుతియ్" అని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నేను పత్రికకు పంపిన వార్త శీర్షిక: 'మొయినాబాద్‌లో భక్తిశ్రద్ధలతో గుడ్‌ఫ్రైడే'. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇప్పుడు కాయిర్‌లో వేరే కుర్రవాళ్ళున్నారు. గుడ్‌ఫ్రైడే నాడు, సిలువ ముందుకు వచ్చి, పాట ఎవరెత్తాలా అని వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఆ ఒక్క క్షణంలో నా గుండె ఇప్పటికీ దడదడమంటుంది. "మీరెందుకు గాబరైతున్నరు?" అంటుంది మా ఆవిడ. వాళ్ళు ఎత్తుకుంటారు, బాగానే పాడతారు. వెనకటి ఆ కొత్త విలేకరిని పిలిచి, భుజం తట్టి, 'ఏం కాదు, పాడు' అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదు. ఆ వయసులో భయపడటం కూడా వాడు ఎంతో శ్రద్ధగా చేసేవాడు.