మా ఇంటి సముద్రం, బేస్తవారం దొంగ

గోదావరి పొంగితే లక్సెట్టిపేట మొత్తం గట్టు మీదికి పోయి చూస్తది. మా ఇంట్ల సముద్రం పొంగిన సంగతి మాత్రం ప్రార్థనకొచ్చిన కొంతమంది ఆడోళ్లకే ఎరుక. వాళ్లు గూడ మోకాళ్ల మీద ఉండి చూసిండ్రు. ఇన్నేండ్లు గీ ముచ్చట ఎవ్వరికీ చెప్పలే. ఇప్పుడు చెప్తున్న, నవ్వుకోండ్రి. గని ఎన్నడన్న మా ఇంటికొస్తే మా అవ్వ ముంగట ఎత్తకుండ్రి.

అప్పట్ల నాకు కొత్తగ పెండ్లయింది, కొత్తగ మెడికల్ దుకాణం పెట్టిన, కొత్తగ ఫోన్ల వీడియోలు చూసుడు షురువైంది. మూడిట్ల నన్ను ముంచింది మూడోది. గా వీడియోలల్ల ఒకాయన ఇంట్లనే సముద్రం పెట్టుకున్నడు. ఉప్పునీళ్లు, రంగురంగుల పగడాలు, వాటి నడుమ నారింజ రంగు చేపలు. మన దిక్కు చేపలంటే కూరకే గద, చూసుకుంట కూసునేటియి గూడ ఉంటయని నాకు గప్పుడే తెల్సింది. ఇగ ఆగుతనా? హైదరాబాద్ పోయి గాజు తొట్టి, ఉప్పు సంచులు, రెండు చేపలు, ఇన్ని పగడాలు తెచ్చి ముందటింట్ల గోడకు పెట్టిన.

గీ సముద్రం పని ఎట్ల నడుస్తదో జర చెప్పాలె, లేకుంటే నా తెలివి మీకు సమజ్ గాదు. గాజు తొట్టి పైనుంటది. దాని కింద బల్ల లోపల ఇంకో తొట్టి ఉంటది, దాన్ని సంపు అంటరు. పైన నీళ్లు అంచు దాక రాంగనే ఓవర్‌ఫ్లో పైపుల పడి సంపులకు దిగుతయి. సంపుల ఉన్న మోటర్ వాటిని మళ్ల పైకి పంపుతది. పొద్దుందాక గదే పని, దిగుడు ఎక్కుడు.

వీడియోల ఆయన సంపును సగం ఖాళీగ పెట్టిండు. చూసి నాకు నవ్వొచ్చింది. మన దిక్కు సగం ఖాళీ ఉన్న సంపును చూస్తే ఆ ఇంటోళ్లకు అన్నం సహించది. నల్లా వచ్చిన నాడు మెడ దాక నింపి మూత పెడితేనే పానం నిమ్మలమైతది. గసొంటి ఊర్ల పుట్టినోన్ని, సంపు సగం నింపుతనా? అంచు దాక నింపిన. ఇంకో తెలివి గూడ జేసిన. మోటర్ నుంచి పైకి పోయే పైపు మూతి నీళ్ల మీద ఉంటే బుడబుడమని సప్పుడొస్తుందని, దాన్ని పై తొట్టి అడుగు దాక దించిన. సప్పుడు బంద్. మోటర్ గుయ్యిమనుడొక్కటే మిగిలింది.

మా ఇంటామె సునంద బల్ల లోపలికి తొంగి చూసి, మోటర్ ఆగితే పైనున్న నీళ్లు యాడికి పోతయని అడిగింది. మోటర్ ఎందుకు ఆగుతది, ఇన్వర్టర్ మీద పెట్టిన గద, కరెంటు పోయినా ఆగదన్న. నన్ను ఎగాదిగా చూసి వంటింట్లకు పోయింది. కొత్త పెండ్లికొడుకును గద, మెచ్చుకొని పోయిందనుకున్న.

ఇగ మా అవ్వ సంగతి. మా బాపు పోయినంక అవ్వ చాన దినాలు గడప దాటలే. తినుమంటే తింటుండె, పండుమంటే పంటుండె, గంతే. చర్చిల స్త్రీల సమాజపోళ్లు అది చూసి, బేస్తవారం పగటీలి ప్రార్థన మీ ఇంట్లనే పెట్టుకుంటమన్నరు. గప్పటి సంది అవ్వ మళ్ల మనిషైంది. బేస్తవారం వచ్చిందంటే పొద్దున్నే చాపలు దులుపుతది, ఉతికిన చీర కట్టుకుంటది, చాయకు పాలు ఎక్కువ తెప్పిస్తది. నేను దుకాణంల ఉంటగని, ఆ రోజు ఇంటికొస్తే అవ్వ ముఖమే వేరుంటుండె.

సముద్రం పెట్టినంక మొదటి బేస్తవారం నేను ఇంటికొచ్చి సంపు చూస్తే నీళ్లు బెత్తెడు తక్కువున్నయి. ఎండలకు ఇంకినయనుకొని మళ్ల అంచు దాక నింపిన. మిగిలిన దినాలు ఏదో జరంత తగ్గుతుండె. మళ్ల బేస్తవారం వచ్చింది, మళ్ల బెత్తెడు మాయం. ఇంకో బేస్తవారం, ఇంకో బెత్తెడు. నాకు నెత్తిల పురుగు తిరుగుడు షురువైంది. ఎండ బేస్తవారం ఒక్కనాడే కొడ్తదా?

నేల మీద మోకరించి వెతికిన. గోడ పొంటి తెల్లటి చారలున్నయి, బల్ల కాన్నుంచి మోరి దాక. ఇల్లు కడిగిన నీళ్లు బయటకు పోనీకె గోడకు ఒక బొక్క ఉంటది గద, అదే మోరి. వేలు అద్ది నాలుకకు పెట్టుకున్న. ఉప్పు. అంటే ఎవరో నా సముద్రాన్ని తీస్కపోతుండ్రు, పోయేటప్పుడు ఒలకబోస్తుండ్రు. నీళ్లు వాటంతట అవే గోడ పొంటి నడిచి పోయినయేమో అని తెలివున్నోనికి అనుమానం రావాలె. నాకు మనుషుల మీద తప్ప నీళ్ల మీద అనుమానం రాలే.

ముందుగాల పక్కింటి పిల్లి మీద పడ్డది. తర్వాత మోరిలకెళ్లి వచ్చే ఎలుకల మీద. తర్వాత సునంద మీద గూడ, చేపలు కంపు కొడుతున్నయని ఒకసారి అన్నది గద. అందరినీ నిలబెట్టి అడిగిన, సంపుల నీళ్లు ఎవరన్న ముట్టుకున్నరా అని. నీ ఉప్పునీళ్లు నాకెందుకు బిడ్డా అన్నది అవ్వ. నేను నీళ్ల గురించే అడిగిన, ఇంక దేని గురించీ అడగలే. పోలీసోళ్లల్ల చేరనందుకు దేశం బతికిపోయింది.

అప్పుడు దుకాణానికి రత్నమ్మ పెద్దమ్మ వచ్చింది, మోకాళ్ల నొప్పులకు మలాం కావాలని. మా అవ్వ పెండ్లయి ఈ ఊరికొచ్చిన నాటి సంది ఆమెతోనే దోస్తాన, చర్చిల ఇద్దరు ఒక్క బల్ల మీదనే కూసుంటరు. సమాజానికి ఆమెనే పెద్ద. మలాం తీసుకుంట, సముద్రం నీళ్లల్ల కాళ్లు పెడితే నొప్పులు పోతయట గద బిడ్డా అని అడిగింది. నేనేమో గొప్పకు పోయి, మా ఇంట్ల ఉన్నయి గూడ సముద్రం నీళ్ల లెక్కనే పెద్దమ్మా అన్న. ఆమె పోయినంక నాకు ఒకటి యాదికొచ్చింది. ప్రార్థనల అందరు చాపల మీద కూసుంటే, మోకాళ్లు వంగవని ఆమెకు ఒక్కామెకే కుర్చీ ఏస్తరు. గా కుర్చీ ఏసేది నా తొట్టి పక్కన్నే. ఆమె చేతిసంచిల ఎప్పుడు ఒక స్టీలు బాటిల్ ఉంటది. ఇంకేం కావాలె.

సునందకు చెప్పిన. ఆమె పని ఆపి నా ముఖం దిక్కు చూసింది.

“ఒక్కమాట జారినవనుకో, ఇగ మన ఇంట్ల ఎవ్వరు కాలు పెట్టరు. అవ్వ మళ్ల మూలకు కూసుంటది. నీళ్లు పోతే పోయినయి, ఊకో.”

నేనేం అంటలే, ఊకె చూస్త అన్న. నిజంగ గదే అనుకున్న.

బేస్తవారం వచ్చింది. సంపును ఎప్పటికన్న ఎక్కువ నింపిన, ఇంకో చెంచా పోస్తే ఒలుకుతది. ఎలుకల మీద కేసు కొట్టెయ్యాలె గద, అందుకని మోరికి పాత గోనెసంచి కుక్కిన. దుకాణానికి పోతున్ననని వాడకట్టంతా ఇనేటట్టు చెప్పి, ఎనక తలుపు నుంచి వంటింట్ల జొచ్చి పరదా ఎనక నిలబడ్డ. సునంద నన్ను చూసి నెత్తి కొట్టుకున్నది.

ఆడోళ్లొచ్చిండ్రు, పాటలు పాడిండ్రు. ప్రార్థన షురూ చేసేముందు మా అవ్వ లేచి, గుయ్యిమనే సప్పుడు మధ్యల దేవునికి ఏం ఇనబడ్తదని గొణుక్కుంట, గోడకున్న స్విచ్చు ఒకటి బంద్ చేసింది. చూసిన నేను. కండ్లార చూసిన. గని నాకు పట్టింపు లేదు, నా చూపంతా రత్నమ్మ పెద్దమ్మ సంచి మీదున్నది. అందరు మోకరించి కండ్లు మూసుకున్నరు. ఒకామె తర్వాత ఒకామె ప్రార్థన చేస్తుండ్రు. ఆఖరుకు చేసేది రత్నమ్మ పెద్దమ్మ. ఆమె చెయ్యి మెల్లగ సంచిలకు పోయింది. బాటిల్ బయటకొచ్చింది. మూత తీసింది. కింద కాళ్లకు ఏమో తగిలినట్టు బల్ల దిక్కు వంగి చూసింది.

ఇగ నేను పరదా చించుకొని దునికిన.

“దొరికినవ్ పెద్దమ్మా!”

ప్రార్థన చేస్తున్నామె నోట్లె మాట నోట్లెనే ఉన్నది. అందరి కండ్లు తెరుచుకున్నయి. నేను బాటిల్ గుంజుకొని, గియ్యి నా సంపుల నీళ్లే, చూడుండ్రి అనుకుంట అందరి ముంగట ఒక గుక్క తాగిన. మెంతుల నీళ్లు. చేదు నషాళానికెక్కింది. ఉమ్ముదమంటే ప్రార్థనాయె, మింగిన.

“షుగరుకు తాగుత బిడ్డా. ప్రార్థన చెయ్యాల్నంటే గొంతు తడుపుకోవాలె గద,” అన్నది రత్నమ్మ పెద్దమ్మ, నెమ్మదిగ.

అప్పుడు ఎనక చాప మీదున్నామె చీర పట్టుకొని లేచింది. ఆమె పక్కనున్నామె లేచింది. బల్ల తలుపు కిందికెళ్లి నీళ్లు ధారగ వస్తున్నయి. దగ్గర ఎవ్వరు లేరు, ఎవ్వరు ముట్టుకుంటలేరు. మోటర్ బంద్ గాంగనే, నేను అడుగు దాక దించిన పైపులకెళ్లి పై తొట్టి నీళ్లు ఎనకకు గుంజుకొని సంపులకు దిగుతున్నయి. సంపుల జాగ యాడున్నది? నేనే నింపితి. ఇన్ని బేస్తవారాలు వాళ్లు కండ్లు మూసుకున్నప్పుడు నీళ్లు గోడ పొంటి మోరిలకు పోయినయి, ప్రార్థన అయినంక అవ్వ స్విచ్చు మళ్ల ఏసింది, నేనొచ్చేసరికి ఫ్యాను గాలికి నేల ఎండింది. ఆ రోజు మోరిల నా గోనెసంచి ఉన్నది. ఇగ సముద్రం స్త్రీల సమాజం మీదికి రాక యాడికి పోతది?

ఉరికి స్విచ్చు ఏసిన. మోటర్ గుయ్యిమన్నది, నీళ్లు పైకెక్కుడు షురువైంది. కింద పడ్డ నా ఇజ్జత్ ఒక్కటే పైకెక్కలే. పైన నారింజ చేపలు రెండు అద్దానికొచ్చి నన్ను చూస్తున్నయి.

అవ్వ నన్ను తిట్టలే. తిడితే బాగుండు. తడిసిన చాప మడుసుకుంట రత్నమ్మ పెద్దమ్మ దిక్కు తిరిగింది.

“స్విచ్చు బంద్ చేసింది నేనే రత్నమ్మా. నింద నీ మీద పడ్డది. ఇగ మా ఇంట్ల వద్దు, వేరే కాడ పెట్టుకోండ్రి. నేను ముఖమెట్ల చూపియ్యాలె.”

ఆడోళ్లు సంచులు తీసుకున్నరు. ఒకామె అప్పటికే చెప్పులేసుకుంటుంది. సునంద అన్న మూల నాకు కండ్ల ముంగట కనబడ్డది, అండ్ల అవ్వ ఒక్కతే కూసొని ఉన్నట్టు. నా గొంతుల మెంతులకన్న చేదు దిగింది.

“యాడికి పోతుండ్రు?” అన్నది రత్నమ్మ పెద్దమ్మ, కుర్చీల కెళ్లి లేవకుండనే. “ప్రార్థన సగంల ఇడిసిపెట్టి పోతరా? నా వంతు ఇంక కాలే. బిడ్డా, ఇటు రా. మోకరించు.”

తడి నేల మీద మోకరించిన. అందరిని పిలిచి నా నెత్తి మీద చేతులు పెట్టుమన్నది. పెట్టిండ్రు. లేవనియ్యనట్టే పెట్టిండ్రు. ఆమె గొంతు సవరించుకున్నది.

“ప్రభువా, గీ సొలొమోను నీ సన్నిధిల ఉన్నడు. బైబిల్ల తెలివిగల రాజు పేరు మేము పెట్టినం, జ్ఞానం ఇచ్చే పని నీకిడిసినం. నువ్వు మరిసినట్టున్నవ్. నాకు సముద్రం నీళ్లు కావాల్నంటే వీని తల్లినడిగి బకెట్‌తోని తీస్కపోత గని దొంగతనమెందుకు జేస్త ప్రభువా? వీడు చిన్నప్పుడు ఆదివారం బడిల కానుకల సంచిల అంగీ గుండీ ఏసి పైస ఏసినట్టు చేసిండు. అది నీకెరుక, నాకెరుక, వీని తల్లికి గిప్పుడే తెలుస్తుంది. నేను గాడనే ఉన్న, ఎవ్వరికీ చెప్పలే.”

నెత్తి మీద చేతులు కదులుడు షురువైంది. ఎవరో నవ్వు ఆపుకుంటుండ్రు. నేను జవాబు చెప్పుదమంటే ప్రార్థన నడుమ మాట్లాడొద్దాయె. దేవునికి చెప్తున్న ముచ్చటకు మనిషి అడ్డమెట్ల పోతడు? గట్ల నా చిన్నతనం మొత్తం అయిపోయి పెండ్లి దాక వచ్చింది. సునందకు గూడ కొన్ని కొత్త సంగతులు తెల్సినయి.

“ఆఖరుకు ప్రభువా,” అన్నది, “వీడు ఇప్పటి సంది ప్రతి బేస్తవారం దుకాణం బంద్ పెట్టి, గీ ఇంట్లనే చాపలు పరిసి, మా అందరికి చాయ పోస్త అని మాటిస్తుండు. ఆమెన్ అను బిడ్డా.”

అనకపోతే లేవనియ్యరు. ఆమెన్ అన్న. అందరికన్న గట్టిగ ఆమెన్ అన్నది మా అవ్వ, కండ్లల్ల నీళ్లు, నోట్లె నవ్వు. చెప్పులేసుకున్నామె చెప్పులిడిసి లోపటికొచ్చింది.

ఇప్పుడు స్త్రీల సమాజంల నేనొక్కన్నే మొగోన్ని. సంపు సగానికి మించి నింపుత లేను, పైపు మూతి నీళ్ల మీదికి తెచ్చిన. ఆ తర్వాతి బేస్తవారం అందరి ముంగట కుడిచెయ్యి ఎత్తి గంభీరంగ ప్రమాణం గూడ చేసిన: ఇగ నా జన్మల ప్రార్థన నడుమ కండ్లు తెరిచి ఇంకొకళ్ల దిక్కు చూడ, ఎవ్వరి మీద అనుమానం పెట్టుకోను అని. చెప్పి కండ్లు మూసుకున్న. రత్నమ్మ పెద్దమ్మ గూడ మూసుకున్నదో లేదో అని జర ఒక్క కన్ను తెరిచి చూసిన, గంతే.

ఆమె రెండు కండ్లు తెరిచి నన్నే చూస్తుండె.