వీరదుర్గ జడ చివర ఎరుపు

నరసాపురానికి దగ్గర్లో, గోదావరి గట్టు కింది మత్స్యకారుల పేటలో వీరదుర్గ పన్నెండో ఏట లేసు సూది పట్టింది. ఇప్పుడామెకు నలభై ఒకటి. భర్త గంగాధర్ చేపల వేటకు వెళ్తాడు. కూతురు రమ్యశ్రీ డిగ్రీ చదువుతోంది.

వీరదుర్గ చేసేది అతుకుపని. పేటలోని ఆడవాళ్ళు విడివిడిగా అల్లిన లేసు పువ్వులను ఒకదానితో ఒకటి కలిపి పెద్ద దుప్పటిగా తయారుచేయడం. పువ్వులు అల్లేవాళ్ళు ఇంటికొకరు ఉన్నారు. అతుకు ఎక్కడ వేశారో తెలియకుండా కలపగలిగినవాళ్ళు అరుదు. నూలు పంచి, పని అప్పగించే రత్నమాణిక్యం గారి వసారాలో కిటికీ పక్క చోటు అందుకే పదిహేనేళ్ళుగా ఆమెది.

ఆ వసారాలో లేసు తెలుపును కాపాడటానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. కాటుక కళ్ళు తుడుచుకున్న చేత్తో ఎవరూ పని ముట్టుకోరు. పసుపు రాసుకుని స్నానం చేసినవాళ్ళు మధ్యాహ్నం దాకా ఆగుతారు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే మూడు రోజులు అతుకుపనికి దూరం. వీరదుర్గ ఈ కట్టుబాట్లను ఎన్నడూ మీరలేదు. అయితే పనిలోకి వంగినప్పుడల్లా ఆమె జడ భుజం మీదుగా ఒళ్ళోకి జారేది. ఇరవై తొమ్మిదేళ్ళుగా తన ఒళ్ళో ఉన్నవి తెల్లనూలూ నల్లజడా మాత్రమేనని, మూడో రంగు ఒక్కటి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. ఫోన్లో చూసి, జుట్టు చివరను ఎరుపులో ముంచుకునే కిట్ తెప్పించుకుంది.

ఆదివారం మధ్యాహ్నం పెట్టె విప్పగానే రమ్యశ్రీ తలుపు దగ్గరగా వేసింది.

“అమ్మా, నీకెందుకే ఈ రంగులు? మా ఫ్రెండ్స్ చూస్తే నవ్వుతారు.”

“మీ కాలేజీకి నేనేం రావట్లేదు కదే. ఆ బ్రష్షు ఇలా ఇయ్యి.”

రెండు రోజులుగా ఆమె తలకు నూనె రాయలేదు. జుట్టు రెండు పాయలు చేసి, చివరి జానెడుకీ బ్లీచ్ ముద్ద పట్టించి, ప్లాస్టిక్ కవరు చుట్టుకుని కూర్చుంది. ముప్పావుగంటలో నలుపు గోధుమరంగుకు, ఆపైన ఎండుగడ్డి రంగుకు దిగింది. దాన్ని కడిగి ఆరబెట్టి, గిన్నెలో కలిపిన ఎరుపులో ముంచింది. అంతవరకూ అన్నీ సరిగ్గానే జరిగాయి. పొరపాటు ఆ ఎరుపును కడగడంలో జరిగింది. పూర్తయిన లేసును వేణ్ణీళ్ళలో సబ్బు వేసి, నీరు తేటపడేదాకా పిండుతారు. ఆమె చేతులకు తెలిసిన కడుగు అదే; జుట్టునూ అలాగే కడిగింది. ఎన్ని బకెట్లు మార్చినా నీరు తేటపడలేదు.

సోమవారం ఆమె జడను చూసి రత్నమాణిక్యం గారు కోప్పడలేదు. రంగునూలు ఏదైనా తెల్లనూలు పక్కకు చేర్చేముందు ఆవిడ చేసే పరీక్ష ఒకటుంది: తడిపి, చుట్టకట్టిన తెల్లనూలు చిలపలు రెండింటి మధ్య ఉంచి, పైన బరువు పెట్టి గంటసేపు వదిలేయడం. ఆ పరీక్షే జడకూ పెట్టారు. వీరదుర్గ అరుగుకు వీపు ఆనించి కూర్చుంది. జడ చివర అరుగు మీద, రుబ్బురోలు పొత్రం కింద ఇరుక్కుని ఉంది.

ఎదురుగా పువ్వులల్లుతున్న మరిడమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. “ఏమే దుర్గా, పారిపోతావని కట్టేసినట్టుందే ఆవిడ!”

“నవ్వకు పిన్నీ, కదిలితే జుట్టు లాగుతంది.”

గంట తర్వాత చిలపలు గులాబీరంగులో బయటికొచ్చాయి.

“శుక్రవారం సాయంత్రం దుప్పటి వెళ్ళాలి వీరదుర్గా,” అన్నారు రత్నమాణిక్యం గారు. “ఆ జానెడూ కత్తిరించుకుని వస్తే ఇప్పుడే కూర్చో. లేదంటే అతుకు మరిడమ్మ చూస్తుంది.”

ఒకసారి ఇంకొకరికి వెళ్ళిన చోటు తిరిగి రావడం ఆ వసారాలో ఎవరూ చూడలేదు. వీరదుర్గకు అది తెలుసు. “కత్తిరించనండి. నా చోటూ వదులుకోనండి. కాస్త టైమివ్వండి,” అని ఇంటికి వచ్చేసింది.

అప్పుడు రమ్యశ్రీ పెట్టెలోని కాగితం తీసి చదివింది. “చన్నీళ్ళతోనే కడగాలని రాశారమ్మా. వేణ్ణీళ్ళు పోస్తే రంగు దిగిపోతుందంట.”

“లేసు వేణ్ణీళ్ళలోనే కదే శుభ్రపడేది?”

“ఇది లేసు కాదమ్మా, జుట్టు!”

మంగళవారం, బుధవారం పూటపూటకీ చన్నీళ్ళతో కడిగింది. కడిగిన ప్రతిసారీ తెల్లనూలు నొక్కి చూసింది. ముదురు గులాబీ లేతబడింది. చివరికి గవ్వ లోపలి రంగంత మిగిలింది. పూర్తిగా మాత్రం పోలేదు. బుధవారం సాయంత్రం మరిడమ్మ గుమ్మంలోకి వచ్చి కూలబడింది.

“రెండు వరసలు కలిపానే. రెండూ ఇప్పించేసింది ఆవిడ. నా అతుకు నాకే కనపడతంటే ఆవిడకి కనపడదా?”

గురువారం ఉదయం వీరదుర్గ జడను ముడి చుట్టి, దాని మీద తెల్ల తువ్వాలు మూడు మడతలుగా బిగించుకుని వసారా ఎక్కింది.

“ఏంటిది? తలకు దెబ్బ తగిలిందా?” అన్నారు రత్నమాణిక్యం గారు.

“లేదండి. రంగు దిగితే ముందు దీనికి అంటుకోవాలి కదండి. మద్దేనం మీరే ఇప్పి చూడండి. మచ్చ పడితే నేనే లేచి ఎల్లిపోతాను.”

ఆవిడ సూది అందించారు. వీరదుర్గ మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. ఉక్కకు మెడ మీద చెమట కారుతూనే ఉంది.

భోజనాల వేళ రత్నమాణిక్యం గారు స్వయంగా తువ్వాలు విప్పారు. లోపలి మడత మీద చింతగింజంత మచ్చ ఉంది. వీరదుర్గ దుప్పటిని ఒళ్ళోంచి పక్కకు జరిపి లేచింది. మరిడమ్మ అల్లడం ఆపేసింది. రత్నమాణిక్యం గారు రెండో మడత చూశారు, మూడోది చూశారు. రెండూ తెల్లగానే ఉన్నాయి. తర్వాత దుప్పటిని కిటికీ వెలుగులోకి ఎత్తి, పొద్దున కలిపిన వరుస వెంట వేలితో తడుముతూ వెళ్ళారు. అతుకు ఎక్కడుందో ఆవిడకు దొరకలేదు.

“భోంచేసి వచ్చి కూర్చో,” అన్నారు. “రేపు నాలుగు మడతలు కట్టుకో.”

“ఆయ్, అలాగేనండి,” అంది వీరదుర్గ.