బొద్దింకల మందుకు పెట్టిన సంతకం

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది నేను గల్ఫ్‌లో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఒక నిర్వహణ కంపెనీలో కాగితాలు చూసేదాన్ని. పక్కపక్కనే ఉన్న రెండు నివాస సముదాయాల చెత్త, డ్రైనేజీ, నీళ్ల ట్యాంకుల పని మాదే. దేని విభాగం దానికే ఉండేది. రెండింటినీ కలిపి ఒకే సేవా విభాగం చేయాలని పైవాళ్లు అనుకున్నారు.

అలా కలపడానికి నిబంధనలున్నాయి. పదిహేను రోజులు ప్రతి గేటు దగ్గరా నోటీసు ఉండాలి. రెండు వైపులా వేరువేరుగా సమావేశం జరగాలి. ఒక్కో వైపు సగానికి మించిన ఇళ్లవాళ్లు ఒప్పుకుని సంతకం చేయాలి. ఆ కాగితం మా ముదీర్ ముందు పెట్టాను. మేనేజరును అక్కడ అందరూ అలాగే అంటారు. ఆయనది హైదరాబాద్.

"గిదంతా చదువుకుంట కూసుంటే పనైతదా అమ్మా? నోటీస్ అతికియ్యి, ఫోటో తియ్యి, పీకెయ్యి. ఖలాస్," అన్నాడు.

అలాగే చేశాను. రెండు వైపులకూ కలిపి ఒకే సమావేశం, సోమవారం పగలు పదకొండింటికి పెట్టారు. అందరూ డ్యూటీల్లో ఉండే వేళ. ముగ్గురొచ్చారు. అందులో ఇద్దరు నీళ్లు రావడం లేదని చెప్పడానికి వచ్చినవాళ్లే. "అందరూ ఆమోదించారు" అని నేనే టైపు చేశాను.

ఇక సంతకాలు. అంతకుముందు ఇంటింటికీ బొద్దింకల మందు కొట్టినప్పుడు తీసుకున్న సంతకాల కాగితాలు సొరుగులో ఉన్నాయి. పైనున్న శీర్షిక మీద తెల్ల కాగితం ముక్క పెట్టి జిరాక్స్ తీయమన్నాడు ముదీర్. తీశాను. రెండో సముదాయంలో ఉండే అమలాపురం నర్సు అక్క సంతకం కూడా అందులో కనబడింది. నాకు బాగా తెలిసిన మనిషి. అయినా ఆ పేజీ పక్కన పెట్టలేదు.

రెండూ కలిశాక చెత్త బండి ఒక్కటే మిగిలింది. జూలై ఎండకు అక్క కిటికీ కింద చేప తలలు, పిల్లల డైపర్లు కుళ్లిపోయాయి. డబ్బాల చుట్టూ పురుగులు పాకాయి. ఒకరోజు డ్యూటీ దిగి, యూనిఫాంతోనే ఆఫీసుకొచ్చింది.

"దీనికి నేనెప్పుడొప్పుకున్నానండీ?" అని అడిగింది.

ముదీర్ ఆమె సంతకం తీసి చూపించాడు. ఆమె దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఆ వారం నా కుడిచేతికి కట్టుంది సార్. ఎడంచేత్తో గీకాను. ఇది బొద్దింకల మందోళ్లకి పెట్టిన సంతకం."

ఆయన నా వైపు తిరిగాడు. "చెప్పమ్మా, మీటింగులనే పెట్టింది కదా?"

"కాదు సార్. నేనే జిరాక్స్ తీశాను," అన్నాను.

"తెలిసే చేశావా?" అంది అక్క.

"తెలిసే, అక్కా."

ఆమె బల్ల మీది శానిటైజర్ చేతుల్లో పోసుకుని, మోచేతుల దాకా రుద్దుకుని వెళ్లిపోయింది.

ఆమె ఫిర్యాదు మీద అధికారులు వచ్చారు. బొద్దింకల మందు నాటి అసలు కాగితాలు వాళ్ల చేతికిచ్చాను. విలీనం రద్దయింది, అన్నీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఈసారి నోటీసులు పదిహేను రోజులూ గేట్ల మీదే ఉన్నాయి. రెండు సమావేశాలూ ఆదివారం సాయంత్రమే పెట్టారు. రెండు చోట్లా కుర్చీలు చాలలేదు. జనం అడిగింది ఒక్కటే: బండి రోజుకు రెండుసార్లు రావాలని. సరేనని రాసివ్వగానే వరుసగా సంతకాలు పెట్టేశారు. మేము దొంగిలించినదాన్ని అడిగితే వాళ్లే ఇచ్చేవాళ్లు. ముదీర్ నవ్వుతూ అందరికీ ఖర్జూరాలు పంచాడు. ఆ నవ్వు చూస్తే వాంతికొచ్చింది. పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడ్డ నా మీద అంతకన్నా అసహ్యం వేసింది.

మర్నాడు రాజీనామా ఇచ్చాను.

"గింత దానికేనా అమ్మా?" అన్నాడు, నిజంగానే అర్థం కాక.

బ్యాగు తీసుకుని బయటికొచ్చేశాను.