ఉప్పుచేతుల పిల్ల కథ విన్న పాక

నౌపడ ఉప్పుమళ్ల దగ్గర మన ఉప్పుకూలీలు నీడకు కూర్చునే పాకను నిన్న కాంట్రాక్టరు పీకించేశాడు. అరిచి అరిచి అలసిపోయాను. కూలిన తాటాకుల్లో ఉప్పువాసన తగిలేసరికి అక్కడ నానమ్మ చెప్పిన కథ గుర్తొచ్చింది.

ముట్టుకున్నదల్లా ఉప్పగా మారుతోందని, శాపమని, ఒక పిల్లను ఊరు తరిమేసింది. తర్వాత ముసురులో చేపలన్నీ కుళ్లిపోతుంటే, తిరిగొచ్చిన ఆ పిల్ల చేతులు తగిలినవే చెడకుండా మిగిలి ఊరి కడుపు నింపాయి.

గుర్తుందా, ఉప్పుకి పగిలిన చేతుల్ని బడిలోనూ, ఈ పాకలోనూ దాచుకునేవాళ్లం!

"ఏటి దాస్తన్నావురా? ఆ పిల్ల సేతులే నీకొచ్చినాయి," అనేది నానమ్మ.

"మరి ఊరోళ్లు ఆ పిల్లకేటిచ్చినారే?"

"ఏటిస్తారు? ఇంకాస్త ఉప్పడిగినారు."

అప్పుడు నవ్వాం. ఇప్పుడు నవ్వే ఓపిక లేదు.

రేపు పొద్దున్న ఆరింటికి అక్కడికే రండి. ఈ చేతులతోనే పాక మళ్లీ వేద్దాం.